ఏనుగులు దిగే ఊళ్లో అడవి పని: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ చెడుతుంది

పలమనేరు, కుప్పం వైపు ఏ ఊరికెళ్లి "అడవిని కాపాడుకుందాం రండి" అని మైకు పట్టుకున్నా ముందు వచ్చే ప్రశ్న ఒకటే. "రాత్రి మా చెరుకు తొక్కేసి పోయినాయి, దానికేం చెప్తారు?" దానికి జవాబు లేకుండా మొక్కలు నాటించినా, బడిపిల్లలతో ర్యాలీ తీయించినా మూడో నెలకు మనిషి మిగలడు. కాబట్టి ఈ పనిలో వరుస మార్చుకోవాలి. ముందు ఊరి నష్టం, ఊరి అవసరం చూడాలి. అడవి పనిని దానికే ముడిపెట్టాలి.

ముందు మీ ఊరు ఏ అడవి పక్కన ఉందో తేల్చుకోండి. చిత్తూరు జిల్లాలో కౌండిన్య అభయారణ్యం 1990లో ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 357 చదరపు కిలోమీటర్లు. సన్నగా, పొడుగ్గా, మధ్యమధ్యలో చేలతో తెగిపోయి ఉంటుంది. ఏనుగులు 1980లలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి ఇటు వచ్చాయి. అంటే ఏనుగుతో కలిసి బతికే అలవాటు ఈ ఊళ్లకు తాతల నాటిది కాదు. తిరుపతి వైపు శేషాచలం సంగతి వేరు. అక్కడ 1989లో ఏర్పడిన శ్రీవేంకటేశ్వర జాతీయ పార్కు, ఎర్రచందనం, చిరుతలు, వేసవి మంటలు, కట్టెల మోపులు. చంద్రగిరి పక్క ఊరికి పలమనేరు ప్రణాళిక తెచ్చి అతికిస్తే అతకదు.

మొదటి నెల: ముగ్గుపిండి, చింతగింజలు

మొదటి నెల ఏ పనీ ప్రకటించకండి. కూర్చుని లెక్క తీయండి. రచ్చబండ దగ్గర నేల మీద ముగ్గుపిండితో ఊరి పటం గీయించండి. చెరువు, వంకలు, గుట్ట, పశువులు వెళ్లే బాట, కట్టెలకు పోయే బాట, ఏనుగులు దిగే చోట్లు అన్నీ రావాలి. గీసే చెయ్యి ఊరివాళ్లదే కావాలి. పటం తప్పుగా ఉందని ఇద్దరు వాదులాడుకుంటే ఆపకండి, మీకు కావలసిన సమాచారమంతా ఆ వాదనలోనే వస్తుంది.

తర్వాత ఒక్కొక్కరికి 10 చింతగింజలు ఇవ్వండి. ఏనుగుల నష్టం, పందుల నష్టం, వంటచెరకు, మేత, నీళ్లు, రాత్రి మోటారు దగ్గరికి వెళ్లడం, ఇలా ఒక్కో కష్టానికి ఒక్కో ఆకు పరిచి, ఎక్కువ కష్టమున్న చోట ఎక్కువ గింజలు వేయమనండి. ఆడవాళ్లకు వేరుగా, మగవాళ్లకు వేరుగా, యానాదుల కాలనీలో మళ్లీ వేరుగా చేయించండి. మూడు చోట్లా గింజలు ఒకేలా పడవు. మామిడితోపు రైతు గింజలన్నీ ఏనుగు మీద పడితే, కట్టెలకు పోయే ఆమె గింజలు వంటచెరకు మీద పడతాయి. ఒకే సభ పెట్టి అందరినీ అడిగితే పెద్ద రైతు మాటే ఊరి మాటగా నమోదవుతుంది. అడవి మీద అందరికంటే ఎక్కువ ఆధారపడినవాళ్లు నోరు తెరవరు.

వేళ కూడా చూసుకోవాలి. ఆడవాళ్లను కలవడానికి పొద్దున పాలకేంద్రంలో పాలు పోసిన తర్వాతి గంట మంచిది. మామిడికోత నెలల్లో సభ పెడితే ఖాళీ కుర్చీలే. ఏనుగులు తిరిగే ఊళ్లో చీకటి పడ్డాక సభ అసలు వద్దు.

ఈ నెలలో ఒక జాబితా కూడా తయారు కావాలి. అడవిని మూసేస్తే ఎవరి పొయ్యి ఆరిపోతుందో వాళ్ల పేర్లు: కట్టెల మోపు అమ్మి బతికేవాళ్లు, మేకలున్నవాళ్లు, నన్నారి గడ్డలు, తేనె తెచ్చేవాళ్లు. తర్వాత వచ్చే ప్రతి కూలి, ప్రతి రాయితీ మొదట ఈ జాబితాకే అందాలి. చాలా ఊళ్లలో అడవి మూసే భారం వీళ్ల మీద పడుతుంది, కంచె లాభం మామిడితోపులకు పోతుంది. తర్వాత "జనం సహకరించడం లేదు" అని నివేదిక రాస్తారు.

ఏ కమిటీ

కొత్త సంఘం పెట్టే ముందు ఉన్నవి చూడండి. రిజర్వు అడవి పక్కన వన సంరక్షణ సమితి, అంటే అటవీ శాఖతో కలిసి అడవిని చూసుకునే ఊరి సంఘం, కాగితం మీదైనా ఉండే అవకాశం ఎక్కువ. దాని సర్వసభ్య సభలో ప్రతి ఇంటి నుంచి ఒక ఆడ, ఒక మగ ఉండాలి. అభయారణ్యం, జాతీయ పార్కు పక్కన ఎకో డెవలప్‌మెంట్ కమిటీ ఉంటుంది. నిద్రపోతున్న సమితిని లేపడం కొత్తది రిజిస్టరు చేయించడం కంటే సులువు. కాకపోతే పాత ఖాతాలో ఎంతుందో, ఎవరి సంతకాలతో డబ్బు తీస్తారో ముందే సభలో చదివించండి. పాత లెక్క తేలకుండా కొత్త పని మొదలైతే ప్రతి సభా ఆ పాత లెక్క దగ్గరే ఆగుతుంది.

యానాదులు, సుగాలీలు ఉన్న చోట 2006 అటవీ హక్కుల చట్టం ఇంకా బలమైన దారి. సామూహిక అటవీ వనరులపై హక్కుకు గ్రామసభ ఫారం 'సి'లో దరఖాస్తు చేయాలి. అటవీ హక్కుల కమిటీలో 10 నుంచి 15 మంది ఉంటారు, మూడో వంతు ఆడవాళ్లు. గ్రామసభకు కనీసం సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. దరఖాస్తులు ఆగిపోయేది తరచుగా ఇక్కడే: కోరం చాలని సభ తీర్మానం, ఒక్కటే ఆధారం. ఒకటి కంటే ఎక్కువ ఆధారాలు జతచేయాలి. పెద్దవాళ్ల వాంగ్మూలం, పాత బాట, గుట్ట మీది గుడి, వాడుకలో ఉన్న నీటిచెలమ లాంటివన్నీ పనికొస్తాయి. అటవీ ఫలసాయం మీద హక్కు వస్తుంది కానీ కలప అందులోకి రాదు. ఎర్రచందనం కొమ్మ కూడా రాదని సభలో గట్టిగా, రెండుసార్లు చెప్పండి.

స్మగ్లర్ల సమాచారం ఇచ్చే పనిని మాత్రం కమిటీ మీద పెట్టకండి. అది శిక్షణ, ఆయుధం, జీతం ఉన్నవాళ్ల పని. అడవికి రోజూ ఒంటరిగా వెళ్లే మనిషికి ఇన్‌ఫార్మర్ అన్న పేరు పడితే ఆ మనిషి ప్రాణానికే ముప్పు.

సోలార్ కంచె: వేయడం చిన్న పని, నిలబెట్టడం పెద్ద పని

ఏనుగుల ఊళ్లో నమ్మకం మొదలయ్యేది కంచె దగ్గరే, చచ్చిపోయేదీ కంచె దగ్గరే. అందుకని ఇది కొంచెం విడమరిచి చెప్పాలి.

సోలార్ పలక 12 వోల్టుల బ్యాటరీని నింపుతుంది. ఎనర్జైజర్ ఆ కరెంటును వేల వోల్టులకు పెంచి, సెకనుకు ఒకసారి చొప్పున, కన్ను ఆర్పేంత సేపు కూడా లేని దెబ్బలుగా తీగలోకి వదులుతుంది. దెబ్బ గట్టిగా తగులుతుంది కానీ అంత కొద్దిసేపే ఉంటుంది కాబట్టి ప్రాణం తీయదు. ఇంటి లైను నుంచి నేరుగా తీగకు కరెంటు ఇవ్వడం పూర్తిగా వేరే సంగతి. అది ఏనుగునూ చంపుతుంది, తెల్లవారుజామున చేలోకి వచ్చిన పక్కింటి మనిషినీ చంపుతుంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 మొదటి షెడ్యూలులో ఏనుగు ఉంది. చంపితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్లు జైలు.

కంచె చివరి స్తంభం దగ్గర టెస్టరు పెడితే 5,000 వోల్టులకు తగ్గకూడదు. తగ్గితే కారణం దాదాపు ఎప్పుడూ ఈ మూడింటిలో ఒకటి.

మొదటిది గడ్డి. తీగకు గడ్డి, తీగజాతి మొక్క తగిలితే కరెంటు దాని గుండా నేలలోకి దిగిపోతుంది. తీగకు రెండు పక్కలా మీటరు మేర నేల శుభ్రంగా ఉండాలి. వానలు పడే నెలల్లో 15 రోజులకోసారి కోయాలి.

రెండోది ఎర్తింగ్. దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఏనుగు ఒంటి గుండా దిగిన కరెంటు నేల మీదుగా తిరిగి ఎనర్జైజర్‌కు చేరితేనే దెబ్బ తగులుతుంది. 6 అడుగుల జింకుపూత రాడ్లు కనీసం మూడు, 10 అడుగుల ఎడంతో, తడి నిలిచే చోట దించాలి. మన ఎర్రనేల ఏప్రిల్ నాటికి పెంకులా ఎండిపోతుంది. అప్పుడు తీగలో వోల్టులు బాగానే కనిపిస్తాయి కానీ ఏనుగుకు చురుక్కుమనదు, నెట్టుకుంటూ వచ్చేస్తుంది. వేసవిలో రోజూ సాయంత్రం రాడ్ల దగ్గర రెండు బిందెల నీళ్లు పోయండి. లేదంటే తీగల్లో ఒకటి విడిచి ఒకదాన్ని ఎర్త్ తీగగా కలపండి. అప్పుడు రెండు తీగలూ ఒకేసారి తగిలి దెబ్బ పడుతుంది.

మూడోది బ్యాటరీ. పలక మీది దుమ్ము వారానికోసారి తుడవాలి, డిస్టిల్డ్ వాటర్ నెలకోసారి చూడాలి. బోరునీళ్లు పోస్తే బ్యాటరీ పని అయిపోయినట్టే. ఆ బ్యాటరీని ఎవరో ఒకరు ఇంటికి తీసుకెళ్లి లైటు వెలిగించుకోవడం కూడా మామూలే, దానికి ఊరే కట్టుబాటు పెట్టుకోవాలి.

ఏనుగు కూడా ఊరికే ఉండదు. దంతానికి కరెంటు పట్టదని నేర్చుకుంటుంది, దంతంతో తీగ తెంపుతుంది. చెట్టును కంచె మీదికి తోస్తుంది. స్తంభాన్నే తన్నుతుంది. అందుకే వేలాడే కంచె కొంచెం మెరుగు. 14, 15 అడుగుల ఎత్తులో ప్రధాన తీగ, దాన్నుంచి నేలకు 3, 4 అడుగుల ఎత్తు దాకా వేలాడే తీగలు. స్తంభం దాని కాలికి అందదు, ముఖానికీ తొండానికీ తీగలు తగులుతాయి. కంచె పక్కన వంగిన చెట్లుంటే ముందే అటవీ శాఖ రేంజి ఆఫీసులో చెప్పి కొమ్మలు తీయించాలి.

కంచె ఎటు వెళ్లాలన్నది ఒక్క ఊరు తేల్చుకునే విషయం కాదు. ఏనుగులు నీళ్లకు దిగే వంకను అడ్డంగా మూసేస్తే అవి పక్క ఊరి మీద పడతాయి, లేదా మీ కంచెనే రోజూ పడగొడతాయి. లైను గీసే రోజు పక్క ఊరివాళ్లను కూడా పిలవండి.

పని పంపకం ఇలా. 4 కిలోమీటర్ల కంచె, దాని పక్క చేలున్న 20 ఇళ్లు అనుకుంటే ఇంటికి 200 మీటర్లు. స్తంభాల మీద రంగుతో ఇంటి నంబరు రాయండి. సాయంత్రం 5 గంటలకు ఒక మనిషి చివరి స్తంభం దగ్గర వోల్టేజీ చూసి పుస్తకంలో రాయాలి. ఇంటికి నెలకు 50 రూపాయలు పెట్టుకుని ఊళ్లో 60 ఇళ్లుంటే ఏడాదికి 36,000 అవుతాయి. బ్యాటరీ మార్చే నాటికి ఎవరినీ అడుక్కోవలసిన పని ఉండదు. పథకం వచ్చిన రోజే ఈ వసూలు మొదలుకావాలి. కంచె పాడయ్యాక వసూలు మొదలుపెడితే ఎవరూ ఇవ్వరు.

2025 మేలో కర్ణాటక నుంచి నాలుగు కుంకీలు, అంటే అడవి ఏనుగులను తరమడానికి శిక్షణ ఇచ్చిన ఏనుగులు వచ్చాయి, పలమనేరు దగ్గర ముసలిమడుగులో క్యాంపు ఉంది. "కుంకీలు ఉండగా కంచె ఎందుకు?" అని సభలో అడుగుతారు. కుంకీ వచ్చేది ఏనుగు దిగాక, కంచె పనిచేసేది దిగకముందు. రెండూ కావాలి.

ఏనుగు వచ్చిన రాత్రి, మర్నాటి పొద్దున

వాట్సాప్ గ్రూపులో నాలుగు విషయాలే వాయిస్‌గా పంపాలి: ఎక్కడ, ఎన్ని గంటలకు, ఎన్ని, ఎటు పోతున్నాయి. ఫొటోలు, వీడియోలు వద్దు. అవి బయటికి పోతే అరగంటలో సెల్ఫీల గుంపు దిగుతుంది. అన్ని పక్కలా టపాకాయలు కాల్చి చుట్టుముడితే ఏనుగుకు దారి దొరక్క మనుషుల మీదికే వస్తుంది. అడవి వైపు ఒక పక్క ఖాళీగా వదలాలి. పిల్లేనుగు ఉంటే దగ్గరికే పోవద్దు. పేడలో ఎండుమిరపపొడి కలిపి ఆరబెట్టిన పిడకలు గాలి వాలు చూసి కాలిస్తే ఘాటుకు వెనక్కి తగ్గుతాయి. గాలి మారితే మాత్రం దగ్గు మీకే.

ప్రాణాలు పోయేది చాలావరకు చీకట్లో మోటారు వేయడానికి వెళ్లినప్పుడు, బహిర్భూమికి వెళ్లినప్పుడు. కాబట్టి ఇంటి దగ్గర నీళ్లున్న మరుగుదొడ్డి, మోటారుకు పగటి కరెంటు, మొబైల్ స్టార్టర్, ఊరి చివర లైటు కూడా అడవి పనుల జాబితాలోనే రాయండి. పొలాల్లో పిట్టగోడ లేని బావులకు గోడ కట్టించడం కూడా. ఏనుగు పిల్లలు, జింకలు వాటిలోనే పడతాయి.

పొద్దున పరిహారం పని. అడుగులు, లద్దెలు చెరపకముందే ఫొటోలు తీయండి. అడుగు పక్కన చెయ్యో కొడవలో పెడితే సైజు తెలుస్తుంది. ముందరి కాలి అడుగు చుట్టూ తాడు పెట్టి కొలిచి, దాన్ని రెండింతలు చేస్తే భుజం దాకా ఏనుగు ఎత్తు వస్తుంది. బడిపిల్లలకు ఇది నేర్పితే ఏ ఏనుగు ఎప్పుడొచ్చిందో మీకంటే వాళ్లే బాగా చెబుతారు. విరిగిన మామిడిచెట్లు ఎన్ని, వయసెంత, తొక్కిన పంట ఎన్ని సెంట్లు అన్నది ఆ రోజే రాసి అటవీ శాఖ బీట్ ఆఫీసర్‌కు చెప్పండి. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం, ఈ-పంట నమోదు నకళ్లు ఒకే కవర్లో ముందే సిద్ధంగా ఉండాలి. కౌలురైతుకు ఇక్కడే దెబ్బ. పంట అతనిది, పుస్తకం వేరొకరిది. పంట వేసేటప్పుడే కౌలు కార్డు, ఈ-పంట నమోదు చేయించడం కమిటీ చేయదగిన పెద్ద సాయం. పరిహారం ఆలస్యమైన ఊళ్లోనే నాటుబాంబులు, ఉచ్చులు పుడతాయి. పంది కోసం పెట్టిన నాటుబాంబు ఊరి ఆవు నోట్లోనే పేలుతుంది.

కట్టెలు, మేత

పాడి ఉన్న జిల్లా కాబట్టి గోబర్‌గ్యాస్ ఇక్కడ బాగా అతుకుతుంది. 2 ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, అంతే కొలత నీళ్లు కావాలి. అంటే నాలుగు పెద్ద ఆవులు. అయిదారుగురున్న ఇంటికి వంట గడుస్తుంది. మొదట నింపడానికి సుమారు రెండు టన్నుల పేడ కావాలి, అందుకే వేసే ముందే నలుగురి పేడ ఒకచోట పోగు చేయాలి. గ్యాస్ రావడానికి రెండు, మూడు వారాలు పడుతుంది. మొదట వచ్చింది వెలగదు, దాన్ని వదిలేయాలి. అక్కడే "ఇది పనిచేయదు" అని మూసేసేవాళ్లు ఎక్కువ. కొట్టం కడిగిన ఫినాయిల్ నీళ్లు అందులో పడితే సూక్ష్మజీవులు చచ్చి గ్యాస్ ఆగిపోతుంది. ఇసుక, గడ్డిపరకలు పోతే అడుగున పేరుకుంటాయి. గొట్టంలో నీళ్లు చేరితే మంట రెపరెపలాడుతుంది. గొట్టం అన్నిటికంటే పల్లంగా ఉండే చోట నీళ్లు తీసే కుళాయి ఒకటి పెట్టించండి.

ఆవు లేని ఇంటికి ఇది పనికిరాదు, కట్టెలకు పోయేదీ ఆ ఇంటివాళ్లే. వాళ్లకు గ్యాస్ సిలిండర్ ఇప్పించడం ఒకటి, నింపించుకునే స్తోమత ఇంకొకటి. ఊరి బంజరులో కానుగ, గ్లైరిసీడియా వంటచెరకు కోసం వేయించి, కొమ్మ కొట్టే హక్కు పేరు పేరునా ఆ ఇళ్లకే రాయండి.

మేతకు గట్ల మీద సూపర్ నేపియర్ గడ్డి వేయించండి. మేకలకు అడవిని మూడు ముక్కలు చేసి ఒకటి మూయాలి. మొక్కలు మేక నోటికి అందని ఎత్తుకు, అంటే ఆరడుగులకు, వచ్చాకే తెరవాలి.

మంట, కంప

బోదగడ్డి ఎండాక ఫిబ్రవరి నుంచి శేషాచలం వైపు మంటలు మొదలవుతాయి. మంట దాటకుండా గడ్డి తీసేసి ఉంచే పట్టీలు, అంటే ఫైర్‌లైన్లు, జనవరి ఆఖరుకల్లా శుభ్రం కావాలి, ఆ కూలి మొదటి జాబితాలోని వాళ్లకే. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ఉపగ్రహం చూసిన మంటల సమాచారం ఫోనుకు పంపుతుంది. బీట్ ఆఫీసర్‌తో పాటు ఊళ్లో ఇద్దరు నమోదు చేసుకోవాలి. ఆర్పేటప్పుడు పచ్చికొమ్మలతో మంట పక్కల నుంచి కొట్టుకుంటూ రావాలి. మంట ముందుకు, గుట్ట పై వైపుకు ఎప్పుడూ పోవద్దు. నైలాన్ బట్టలు వద్దు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాలి.

లంటానా బయటి నుంచి వచ్చి అడవిలో గడ్డిని కమ్మేసే కంప. దాన్ని మొదలుకు పైన నరికితే రెండింతలు చిగురిస్తుంది. మన్ను కింద రెండంగుళాల దగ్గర వేరు కోసి, మొదలును తలకిందులుగా పెట్టి ఎండనివ్వాలి. కాయ కాయకముందే చేయాలి, లేకపోతే పిట్టలు విత్తనం మోసుకుపోతాయి. ఖాళీ అయిన నేలలో వెంటనే ఊరి గడ్డిజాతుల విత్తనం చల్లి, రెండేళ్లు మొలకలు పీకించాలి. రెండో ఏడు కూలికి డబ్బు లేకుండా మొదటి ఏడు నరకొద్దు.

తిరుపతి చుట్టుపక్కల ఊళ్లలో ఇంకొక పని ఉంది, కోళ్ల అంగళ్ల చెత్త. దానికి కుక్కలు, పందులు చేరతాయి, వాటి కోసం చిరుత వస్తుంది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని చంపాక బోన్లు, కెమెరాలు వచ్చాయి. చెత్తకుప్ప అడవి అంచున ఉన్నంతకాలం బోను ఒక్కటీ చాలదు.

అడవి సరుకు అమ్మకం

చింతపండు జనవరి నుంచి ఏప్రిల్ దాకా వస్తుంది. పొట్టు, ఈనె, గింజ తీస్తే కాయ బరువులో సుమారు సగం గుజ్జు మిగులుతుంది. గింజతో అమ్మితే ఒక ధర, తీసి అమ్మితే ఇంకొక ధర. ఆ తేడా పొదుపు సంఘానికి మిగలాలంటే తూకం సొంతంగా ఉండాలి. వానకాలం దాకా దాచితే రంగు నల్లబడుతుంది, కోల్డ్‌స్టోరేజీ లేకపోతే మేలోపే అమ్మేయండి. నన్నారి గడ్డలు మొత్తం తవ్వితే మొక్క పోతుంది. మూడో వంతు వేర్లు తీసి, గుంత పూడ్చి, అదే మొక్క జోలికి రెండేళ్లు పోకూడదు. ఈ కట్టుబాటు కొనేవాడికీ చెప్పాలి, ఎందుకంటే సన్నవేరుకు ధర ఇచ్చేది అతనే. తలకోనలో వన సంరక్షణ సమితి పర్యాటకం నడుపుతోంది. మీ ఊళ్లోనూ అలాంటిది పెట్టాలనుకుంటే గైడు పని వంతులవారీగా తిప్పండి, ఒకే కుటుంబం దగ్గర ఆగితే మిగతావాళ్లకు అడవితో సంబంధం తెగిపోతుంది.

పుస్తకం, తాళం

కమిటీకి ఒక పేజీ ఒప్పందం చాలు. ఎడమ పక్క ఊరికి ఏమొస్తుంది, కుడి పక్క ఊరు ఏం చేస్తుంది, ఎవరు, ఎప్పటిలోగా. "అడవిని కాపాడతాం" అన్న వాక్యాన్ని ఎవరూ కొలవలేరు. "ఉచ్చులు, కరెంటు తీగలు పెట్టం, తూర్పు ముక్కలో మూడేళ్లు మేకలు తోలం" అన్నదాన్ని కొలవగలం. నెలలో ఒక రోజు బాట దగ్గర కూర్చుని దిగే కట్టెల మోపులు లెక్కపెట్టండి. నాటిన గుంతల్లో 100 గుంతలు తిరిగి ఎన్ని మొక్కలు బతికాయో రాయండి. సాయంత్రం వోల్టేజీ, మంటలు, పరిహారం దరఖాస్తుల తేదీలు అన్నీ అదే పుస్తకంలో ఉండాలి. ఆగస్టు 15, జనవరి 26 గ్రామసభల్లో ఆ పుస్తకాన్ని ఆడవాళ్లలో ఒకరు గట్టిగా చదవాలి, జమా ఖర్చులతో సహా.

బయటి సంస్థ మూడేళ్లకు వెళ్లిపోతుందని మొదటి రోజే చెప్పండి. రెండో ఏడు నుంచే పుస్తకం ఊరివాళ్ల చేతిలో ఉండాలి. ఎనర్జైజర్ పెట్టెకు రెండు తాళంచెవులు చేయించండి. ఒకటి కంచె చూసే మనిషి దగ్గర, రెండోది పాలకేంద్రం గోడకు కొట్టిన మేకుకు. సాయంత్రం 5 దాటాక ఆ మనిషి రాకపోతే, పాలు పోయడానికి వచ్చినవాళ్లలో ఎవరైనా వెళ్లి స్విచ్చి వేయగలగాలి.